కునికే పిల్ల సోమరిది కాదు

 

"ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అని పెద్దలు అంటారు. బాగా ఆకలి వేస్తే ఒట్టి గంజైనా రుచిగానే ఉంటుంది, బాగా నిద్ర వస్తే కటిక నేల మీదైనా పట్టేస్తుంది అని దాని అర్థం. మొన్న తెలుగు పీరియడ్‌లో మేడం ఈ సామెత చెప్పి సొంత వాక్యం రాయమన్నారు. నేను రాయలేదు. ఎందుకంటే ఆ టైములో నేను నిద్రపోతున్నాను. క్లాసంతా నవ్వింది. పీరియడ్ అయ్యేదాకా బెంచీ మీద నిలబడ్డాను. ఆ రోజు రాయని సొంత వాక్యం ఇప్పుడు ఈ గోడ పత్రికలో రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, రెండు చార్టులు పట్టింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. క్లాసులో కునికే పిల్ల సోమరిది కాదు. ఆ పిల్ల రాత్రి సరిగా పడుకోలేదు, అంతే. ఎందుకు పడుకోలేదో అడిగితే చాలా వాటికి మందు ఉంది. అడక్కుండా బెంచీ ఎక్కిస్తే నిద్ర పోదు, చదువు పోతుంది.

మా ఊళ్ళో నిద్ర

మా ఊరు కొండ మీద. బస్సు దిగి రెండు గంటలు నడవాలి. మేం కోందులం, ఇంట్లో కువి మాట్లాడతాం. మా ఇంట్లో బడి మెట్లు ఎక్కినదాన్ని నేనే మొదట. అమ్మకి, నాన్నకి చదువు రాదు. మూడో తరగతిలో ఈ హాస్టల్‌కి వచ్చేనాటికి నాకు తెలుగు సరిగా రాదు, గడియారం చూడటమూ రాదు.

గడియారం లేకపోయినా మా ఊళ్ళో నిద్రకి ఒక లెక్క ఉంది. పొద్దు వాలాక తిని పొయ్యి చుట్టూ పడుకుంటాం. ఒక పక్క నాన్న, ఒక పక్క నాయనమ్మ, మధ్యలో పిల్లలం. పండగో పెళ్ళో ఉంటే తప్ప ఎవరూ ఎక్కువసేపు మేలుకోరు. కోడి కూసినప్పుడు లేస్తారు. మనతో పెద్దవాళ్ళు అంటూ ఉంటారు కదా, "మీ అమ్మానాన్నలు కోడి కూతకే లేస్తారు, మీకేం వచ్చింది?" అని. లేచే మాట నిజమే. కానీ వాళ్ళు ఎన్నింటికి పడుకున్నారో మాత్రం ఎవరూ చెప్పరు.

చోడి చేను కోతకి వచ్చే రోజుల్లో అడవి పందులు పడతాయి. ఒక్క రాత్రిలో చేనంతా తొక్కేస్తాయి. అందుకని తాత మంచె మీద కాపలా పడుకుంటాడు. పడుకుంటాడు అంటారు గాని పడుకోడు. డబ్బా కొడుతూ, కేకలు వేస్తూ, మంట ఎగదోసుకుంటూ తెల్లార్లూ కూర్చుంటాడు. పొద్దున ఇంటికి వచ్చి అంబలి తాగి అరుగు మీద పడుకున్నాడంటే మధ్యాహ్నం దాకా ఎవరూ లేపరు. మేం పిల్లలం అరిస్తే నాయనమ్మ పుల్ల పట్టుకుని వచ్చేది. "రాత్రి నిద్ర బాకీ ఉంది, తీర్చుకోనీయండి" అనేది. పగలు పడుకున్నాడని తాతని సోమరి అన్నవాళ్ళని నేను మా ఊళ్ళో చూడలేదు.

నిద్ర బాకీ అన్న మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. హాస్టల్‌కి వచ్చాక తెలిసింది.

తెలుగు మేడమే మాకు ఊర్మిళాదేవి కథ చెప్పారు. లక్ష్మణుడు అడవిలో పద్నాలుగేళ్ళు నిద్ర లేకుండా అన్నావదినలకి కాపలా కాశాడట. ఆయన నిద్రంతా ఇంటి దగ్గర ఊర్మిళ పడుకుందట. దాని మీద ఆడవాళ్ళు పాడుకునే పాట కూడా ఉందట. నాకూ పద్నాలుగేళ్ళే కాబట్టి ఆ అంకె గుర్తుండిపోయింది. ఆ కథలో కూడా నిద్ర ఊరికే మాయమైపోలేదు. ఒకళ్ళు మేలుకుంటే ఇంకొకళ్ళు పడుకుని ఆ బాకీ తీర్చారు. మన బదులు పడుకోవడానికి ఇంటి దగ్గర ఊర్మిళ లేదు. అందుకే మనం సోషల్ పీరియడ్‌లో పడుకుంటున్నాం.

గంటల లెక్క

మన లెక్కల సారు ఏ లెక్కకైనా ముందు "ఇచ్చినది" రాయమంటారు. అలాగే రాస్తాను.

ఇచ్చినది: రాత్రి స్టడీ అవర్ 10 గంటలకి అవుతుంది. పక్కలు వేసుకుని, బయటికి వెళ్ళి వచ్చి, లైటు తీసేసరికి 10.30. తెల్లవారుజామున గంట 4.30కి కొడతారు.

కనుగొనవలసినది: నిద్ర.

జవాబు: 6 గంటలు.

13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికాలోని నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి 9 నుంచి 12 గంటలు కావాలట. సైన్స్ మేడం ఈ అంకెలు చెబితే నోట్సు వెనక పేజీలో రాసుకున్నాను. అంటే తొమ్మిదో తరగతి పిల్లకి రోజుకి కనీసం 2 గంటలు బాకీ. ఆరు రోజులకి 12 గంటలు. ఆదివారం ఒక గంట ఎక్కువ పడుకుంటే ఈ బాకీ ఎక్కడ తీరుతుంది? మూడు, నాలుగు తరగతుల చెల్లెళ్ళని 9 గంటలకే పడుకోమంటారు, నిజమే. కానీ గంట అందరికీ ఒక్కటే. వాళ్ళకీ ఏడున్నర గంటలే దక్కుతోంది. తొమ్మిది కావాలి.

ఇంకో సంగతి. మన ఒంట్లోనే ఒక గడియారం ఉంటుందట. అది ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు. వాళ్ళు పరిశోధన చేసింది పండ్ల మీద ముసిరే చిన్న ఈగల మీద. అంత చిన్న ఈగకి కూడా నిద్ర వేళ ఉందన్నమాట. మనకైతే చీకటి పడ్డాక మెదడులో మెలటోనిన్ అనే హార్మోను ఊరి, ఇక పడుకో అని ఒంటికి చెబుతుంది. ఎదిగే వయసులో, అంటే మన వయసులో, అది చిన్నపిల్లలకంటే ఆలస్యంగా ఊరుతుంది. అందుకే మనకి రాత్రి తొందరగా నిద్ర రాదు, తెల్లవారుజామున కళ్ళు తెరుచుకోవు. అది పొగరు కాదు, బద్ధకం కాదు, వయసు.

తెల్లవారుజామున చదివింది బాగా గుర్తుంటుంది అంటారు. కడుపునిండా నిద్రపోయి లేచినవాళ్ళకి అది నిజమే కావచ్చు. నా సంగతి చెప్తాను. ఫ్రెంచి విప్లవం 1789లో మొదలైంది అన్న వాక్యం నేను ఒక పొద్దున్న నాలుగు సార్లు చదివాను. పుస్తకం నిటారుగానే ఉంది, కళ్ళూ తెరిచే ఉన్నాయి. స్లిప్ టెస్టులో 1798 అని రాసి వచ్చాను. నిద్రలో మెదడు ఊరికే ఉండదట. పగలు చదివినది గట్టిపడేది నిద్రలోనేనట. మనం విత్తనం చల్లుతున్నాం గాని మట్టి కప్పడం లేదు. చల్లిన గింజలు పిట్టలు తినేస్తున్నాయి.

నలుగురు దొంగలు

పోనీ, ఆ ఆరు గంటలైనా మనకి పూర్తిగా దక్కుతున్నాయా? దక్కడం లేదు. నలుగురు దొంగలున్నారు.

మొదటి దొంగ చలి. డిసెంబరు, జనవరి నెలల్లో మన పాడేరు, చింతపల్లి వైపు రాత్రి పది డిగ్రీల కంటే కిందకి దిగిపోతుంది. లంబసింగి చలి చూడటానికి విశాఖపట్నం నుంచి, హైదరాబాదు నుంచి జనం కార్లలో వస్తారు. మంచులో ఫోటోలు దిగి వెళ్ళిపోతారు. వాళ్ళు చలిని చూసి పోతారు. మనం చలిలో పడుకోవాలి. మన డార్మిటరీలో మంచాలు అందరికీ చాలవు. కిటికీ అద్దం పగిలిన చోట అట్ట పెట్టాం, గాలికి అది ఊడిపోతుంది. కింద పడుకునేవాళ్ళు రెండు గంటలకి లేచి మోకాళ్ళు కడుపులో పెట్టుకుని కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను. నేనూ కూర్చున్నాను. మా నాయనమ్మ ఒక మాట చెప్పేది. చలి పైనుంచి కంటే నేల నుంచే ఎక్కువ ఎక్కుతుందని. అందుకని స్టోర్ రూములో పారేసే అట్టపెట్టెలు విప్పి చాప కింద పరుచుకున్నాం. చాలా తేడా తెలిసింది. చాప మీద పడుకునే చెల్లెళ్ళందరూ ఇలా చేయండి. వానాకాలంలో ఈ దొంగ స్థానంలో దోమలు వస్తాయి. మలేరియా దోమ కుట్టేది రాత్రి పూటే. మనకి దోమతెరలు ఇచ్చారు గాని కింద పడుకునేవాళ్ళకి కట్టుకోవడానికి మేకులు లేవు. అందుకే చాలా తెరలు మడత పెట్టినవి మడత పెట్టినట్టే ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి.

చలికి ఇద్దరిద్దరం ఒకే దుప్పట్లో పడుకుంటాం. అప్పుడు రెండవ దొంగ వస్తాడు. వాడి పేరు గజ్జి. ఇది రాయడానికి సిగ్గుపడను, ఎందుకంటే మనలో చాలామందికి వచ్చింది. పగలు అంత తెలియదు, రాత్రి ఒళ్ళు వెచ్చబడగానే వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ దురద మొదలౌతుంది. గీరుకుంటూ ఉంటే పక్కన ఉన్నవాళ్ళకీ నిద్ర ఉండదు. ఇది మురికి పిల్లలకే వస్తుందని కొందరు వేరే కూర్చోబెడతారు. అది తప్పు. కంటికి సరిగా కనపడనంత చిన్న పురుగు చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెట్టడం వల్ల గజ్జి వస్తుంది. రోజూ స్నానం చేసేవాళ్ళకి కూడా అంటుకుంటుంది.

మనకి మందు రాయడం లేదని కాదు. రాస్తున్నారు. మరి ఎందుకు పోవడం లేదు? ఏఎన్ఎం అక్కని అడిగితే చెప్పింది. మొదటిసారి అంటినవాళ్ళకి నాలుగు నుంచి ఆరు వారాల దాకా దురద కనపడకపోవచ్చట. కానీ ఈలోగా వాళ్ళ నుంచి ఇంకొకళ్ళకి పాకుతుంది. మనం దురద ఉన్నవాళ్ళకే మందు రాస్తున్నాం. దురద లేనివాళ్ళ దగ్గర పురుగు దాక్కుని, నెల తిరిగేసరికి మళ్ళీ వస్తుంది. కాబట్టి ఒక గదిలో పడుకునేవాళ్ళందరం ఒకే రాత్రి మెడ నుంచి కాలివేళ్ళ దాకా పెర్మెత్రిన్ మందు రాసుకోవాలి. పొద్దున్న కడుక్కోవాలి. వారం తర్వాత ఇంకోసారి రాసుకోవాలి. అదే రోజు దుప్పట్లు, బట్టలు వేడి నీళ్ళలో ఉతకాలి. ఉతకలేనివి సంచిలో మూటకట్టి నాలుగు రోజులు ముట్టుకోకుండా ఉంచాలి. మనిషి ఒంటిని వదిలితే ఆ పురుగు రెండు మూడు రోజుల కంటే బతకదట. ఒకళ్ళకి రాసి ఒకళ్ళకి రాయకపోతే, చేనుకి మూడు వైపులే కంచె కట్టినట్టు.

మూడవ దొంగ చీకటి. ఇది గోడ మీద రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నవ్వేవాళ్ళు నవ్వండి. నేను మూడో తరగతిలో, నాలుగో తరగతిలో పక్క తడిపేదాన్ని. ఇంటి దగ్గర ఎప్పుడూ లేదు, ఇక్కడే మొదలైంది. మన బాత్రూములు వెనక ఉన్నాయి. వెళ్ళే దారిలో లైటు లేదు. అర్ధరాత్రి మెలకువ వచ్చేది, కానీ లేవడానికి భయం వేసేది. ఎవరినైనా లేపుదామంటే తెలుగులో ఎలా అడగాలో తెలియదు. అలాగే బిగబట్టుకుని పడుకుంటే నిద్రలో జరిగిపోయేది. పొద్దున్న నా దుప్పటి ఎండలో అందరికీ కనపడేలా ఆరేసేవాళ్ళు. నాకు పెట్టిన పేరు ఇక్కడ రాయను. ఆ తర్వాత రాత్రి నీళ్ళు తాగడం మానేశాను, అన్నం సగమే తినేదాన్ని. అయినా ఆగలేదు, ఎందుకంటే భయం తగ్గలేదు.

ఐదో తరగతిలో ఉన్నప్పుడు పదో తరగతి అక్క ఒకామె నా పక్కన చాప వేసుకుంది. "రాత్రి ఎప్పుడు లేచినా నా చెయ్యి గిల్లు, నేను వస్తాను" అంది. నేను రోజూ గిల్లేదాన్ని. ఆమె ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. నెల రోజుల్లో నా పక్క తడవడం ఆగిపోయింది. ఏ మందూ వాడలేదు. కొందరికి భయం వల్ల కాదు, వేరే కారణాల వల్ల కూడా వస్తుంది, వాళ్ళని డాక్టరుకి చూపించాలి. కానీ ఎవరికైనా సరే, తిడితే తగ్గదు. ఇప్పుడు మన డార్మిటరీలో పొద్దున్నే దుప్పటి దాచుకుని కుళాయి దగ్గరకి పరిగెత్తే చెల్లెళ్ళు నాకు తెలుసు. వాళ్ళ పేర్లు చెప్పను. వాళ్ళే నా పక్కకి రావచ్చు. నా చెయ్యి గిల్లవచ్చు.

నాలుగవ దొంగ దెయ్యం భయం. ఈ దొంగ నా స్నేహితురాలిని తీసుకుపోయింది.

ఎనిమిదో తరగతిలో మేమిద్దరం పక్కపక్కన పడుకునేవాళ్ళం. ఆమెదీ మా కొండ వైపే. ఒక రాత్రి ఆమెకి మెలకువ వచ్చిందట. కళ్ళు తెరుచుకున్నాయి, కానీ చెయ్యి కదలలేదు, కాలు కదలలేదు, నోరు పెగల్లేదు. గుండెల మీద ఎవరో కూర్చుని నొక్కుతున్నట్టు ఉందట. కొంచెంసేపటికి ఒక్కసారిగా అరిచింది. కువిలో అరిచింది. అప్పుడే నిద్రలేచిన పిల్లలకి ఆ భాష తెలియదు కదా, దెయ్యం మాట్లాడుతోందని అనుకున్నారు. ఒకళ్ళని చూసి ఒకళ్ళు ఏడుపు. ఆ రాత్రి ఎవరూ పడుకోలేదు. నిజానికి ఆమె అన్నది "అమ్మా, ఎత్తు" అని. నాకు అర్థమైంది. నేను చెప్పాను. ఎవరూ వినలేదు.

మూడో రోజు వాళ్ళ నాన్న వచ్చి తీసుకుపోయాడు. ఊళ్ళో దిష్టి తీయించి పంపిస్తాం అన్నాడు. పంపించలేదు. సంక్రాంతి సెలవుల్లో చూశాను, పసుపు దుంపలు తవ్వడానికి కూలికి వెళ్తోంది. లెక్కల్లో నాకంటే ఆమెకే ఎక్కువ మార్కులు వచ్చేవి.

ఈ సంవత్సరం పరీక్షల ముందు నాకూ అలాగే జరిగింది. ఒళ్ళు కదలదు, గుండెల మీద బరువు. నేను చచ్చిపోతున్నాననుకున్నాను. పొద్దున్న ఏడుస్తూ సైన్స్ మేడంకి చెప్పాను. ఆవిడ తిట్టలేదు. దీన్ని స్లీప్ పెరాలిసిస్ అంటారని చెప్పారు. నిద్రలో ఒక దశ ఉంటుందట. ఆ దశలో కనుగుడ్లు మూసిన రెప్పల కింద గబగబా కదులుతాయి. దాన్ని 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనేవాళ్ళు కనిపెట్టారు. కలలు ఎక్కువగా వచ్చేది అప్పుడే. కలలో పరిగెత్తితే నిజంగా లేచి పరిగెత్తకుండా మెదడు ఆ కాసేపు ఒంటిని కట్టేస్తుంది. ఒక్కోసారి మనిషికి మెలకువ ముందు వస్తుంది, కట్టు విప్పడం కొంచెం ఆలస్యమౌతుంది. అంతే. కొద్ది సెకన్లో, ఒకటి రెండు నిమిషాలో ఉండి దానంతట అదే పోతుంది. ప్రాణానికి ఏమీ కాదు. నిద్ర చాలనివాళ్ళకి, వెల్లకిలా పడుకునేవాళ్ళకి ఎక్కువగా వస్తుందట.

నిద్ర చాలనివాళ్ళకి ఎక్కువగా వస్తుంది. ఈ వాక్యం రెండు సార్లు చదవండి. అంటే దెయ్యం వెనక చింతచెట్టు మీద లేదు. మన 4.30 గంటలో ఉంది. ఈ ఒక్క ముక్క ఎనిమిదో తరగతిలో ఆ రాత్రి మనలో ఒక్కళ్ళకి తెలిసి ఉంటే, నా స్నేహితురాలు ఈరోజు ఈ చార్టుకి గీతలు కొడుతూ నా పక్కన కూర్చునేది.

మన తప్పులు

పెద్దవాళ్ళనే అంటే న్యాయం కాదు. మన తప్పులూ రాస్తాను. లైటు తీశాక గుసగుసలు ఆపం. చిన్నపిల్లలు వింటుండగా దెయ్యం కథలు చెప్పేది మనమే, తర్వాత ఒంటరిగా బయటికి వెళ్ళలేనిదీ మనమే. పడుకున్నవాళ్ళ జడలు కట్టేయడం, మొహం మీద పేస్టు రాయడం మనకి ఆట. ఆదివారం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పడుకుని ఆ రాత్రి నిద్ర రాక దొర్లుతాం. నిద్రలో మాట్లాడేవాళ్ళని పొద్దున్న అనుకరిస్తాం. నేను నిద్రలో కువి మాట్లాడతానట. పగలంతా తెలుగు మాట్లాడి రాత్రికి ఇంటికి వెళ్తానేమో. దానికి నవ్వడం దేనికి?

నా మనవి

1. పొద్దున్న గంట 5.30కి కొట్టండి. రాత్రి 9.15కి స్టడీ అవర్ ఆపి, 9.30కి లైటు తీయించండి. 8 గంటలౌతుంది. రెండింటిలో ఒకటే కుదిరితే పొద్దున్న గంట మార్చండి. చెల్లెళ్ళని ఇంకా ముందు, 8.30కే పడుకోనివ్వండి.

2. డార్మిటరీలో రాత్రంతా ట్యూబులైటు కాకుండా చిన్న జీరో బల్బు పెట్టించండి. పెద్ద లైటు కింద నిద్ర సరిగా పట్టదు. ఆ ట్యూబులైటు బాత్రూము దారిలో పెట్టించండి.

3. గజ్జి మందు గదిలో అందరికీ ఒకే రోజు రాయించండి. దుప్పట్లు ఉతికే పని పెద్ద తరగతులవాళ్ళం చేస్తాం.

4. గోడలకి మేకులు కొట్టించండి. దోమతెరలు మేమే కట్టుకుంటాం.

5. ప్రతి చిన్నపిల్ల పక్కన ఒక పెద్దపిల్ల పడుకోవాలి. ఎవరి దుప్పటి వాళ్ళదే, చాపలు మాత్రం పక్కపక్కన. ఇది ఈ రాత్రి నుంచే మొదలుపెట్టవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

దీనికి రెండు జవాబులు వస్తాయని నాకు తెలుసు. మొదటిది, పదో తరగతి రిజల్టు. రెండు గంటల చదువు పోతుంది కదా అంటారు. మేడం గారూ, ఆ రెండు గంటలు మేం చదవడం లేదు, కూర్చుంటున్నాం. ఒక్క నెల మార్చి చూడండి. ఆ నెల స్లిప్ టెస్టు మార్కులు ముందు నెలవాటి పక్కన పెట్టి చూడండి. తగ్గితే మళ్ళీ పాత గంటే కొట్టండి, నేను మొదట లేస్తాను.

రెండవది, నీళ్ళు. ఉన్నవి నాలుగు కుళాయిలు. 5.30కి లేస్తే అందరి స్నానాలు టిఫిన్ వేళకి అవ్వవు. ఇది నిజమైన ఇబ్బందే. దీనికి నేను ఆలోచించింది చెప్తాను. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులవాళ్ళం సాయంత్రం ఆటలయ్యాక స్నానం చేస్తాం. పొద్దున్న మొహం కడుక్కుంటే చాలు. కుళాయిలు చిన్నపిల్లలకి వదిలేస్తాం. చలికాలంలో తెల్లవారుజామున చన్నీళ్ళ కంటే సాయంత్రం నీళ్ళే నయం.

ఇంకో మాట కూడా ఉంది. మన వంట అమ్మలు మనకంటే ముందే లేచి పొయ్యి వెలిగిస్తారు. మనల్ని లేపడానికి వార్డెన్ మేడం కూడా 4 గంటలకే లేస్తారు. అందరూ పడుకున్నారో లేదో చూసి అందరికంటే చివర పడుకునేదీ ఆవిడే. గంట మారితే ఒక్క పిల్లలకే కాదు, మన కోసం మేలుకునేవాళ్ళకీ ఒక గంట దక్కుతుంది. వాళ్ళ బాకీ కూడా చాలా ఉంది.

గంట మార్చడం మా చేతిలో లేదు. కానీ ఒకటి అందరి చేతిలో ఉంది. రేపు క్లాసులో ఎవరైనా కునికితే నవ్వకండి. టీచర్లు కూడా బెంచీ ఎక్కించే ముందు ఒక్క మాట అడగండి: "రాత్రి ఏమైందమ్మా?" ఆ పిల్ల చలి అని చెప్పవచ్చు, దురద అని చెప్పవచ్చు, భయం అని చెప్పవచ్చు. తెలుగులో చెప్పలేకపోతే నన్ను పిలవండి, నేను చెప్తాను.

చివరికి తెలుగు మేడం గారికి బాకీ ఉన్న సొంత వాక్యం ఇది:

రాత్రంతా మంచె మీద చేను కాచిన మా తాతకి అరుగు మీద వాలగానే నిద్ర పట్టేసింది, నిద్ర సుఖమెరుగదు.

మార్కులు వేయగలరు. తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించగలరు. దీని మీద మీ అభిప్రాయాలు రాసి వచ్చే నెల పత్రికకి ఇవ్వండి. నేను చెప్పింది తప్పని రాసినా అతికిస్తాం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని